ఓబుళేశు డ్రిల్లు మిషనుకు అధికారిక గుర్తింపు

ఒక వస్తువు కళ్ల ముందు ఉన్నంత మాత్రాన ఉన్నట్టు కాదని, దానికి నంబరు పడిన రోజు నుంచే అది ఉన్నట్టని మన పరిపాలన ఏనాడో తేల్చేసింది. (మనుషుల విషయంలో ఈ పద్ధతి దివ్యంగా నడవడం చూసి వస్తువులకూ వర్తింపజేశారు.) ఆ వరసలోనే కడపలో పురాతన చేతి మిషన్ల గుర్తింపు విభాగం వెలిసింది. పాత డ్రిల్లులు, గ్రైండర్లు, చిత్రిక పట్టే మిషన్లు, కరెంటుతో నడిచి చేత్తో పట్టుకునేది ఏదైనా సరే, దాన్ని గుర్తించి, నంబరు వేసి, ప్రదర్శనశాలలో అద్దాల వెనక పెట్టడం ఆ విభాగం పని.

కోయిలకుంట్లలో ఖాదర్ మొహిద్దీన్ ఈ వార్త విని ఎంతో సంతోషించాడు. ఆయనకు అరవై ఆరేళ్లు. బస్టాండు వెనక మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఇంట్లో మంచం కింద, బీరువా మీద, ఆఖరికి బియ్యం డబ్బా పక్కన కూడా కలిపి ముప్పై ఎనిమిది పాత మిషన్లు ఉన్నాయి. భార్య దౌలత్ బీ వాటిని ముప్పై ఎనిమిది మంది సవతులంటుంది. ఏ మిషను చేతికిచ్చినా ఖాదర్ ముందు స్క్రూ తలకు ఒంటి గాడి ఉందా, స్టార్ గాడి ఉందా అని చూస్తాడు. వైరు మీద గుడ్డ తొడుగా, రబ్బరా అని తడుముతాడు. తర్వాత స్విచ్చి నొక్కి కళ్లు మూసుకుంటాడు. తెరిచాక అది ఏ దేశంలో, ఇంచుమించు ఏ ఏడాది తయారైందో చెప్పేస్తాడు. ఇంతవరకూ తప్పిన పాపాన పోలేదు.

వాటిలో ఆయన ప్రాణం పెట్టుకున్నది ఒకటుంది. నాలుగు కిలోల అల్యూమినియం డ్రిల్లు. అది గురువు ఓబుళేశుది. కోయిలకుంట్లలో మొట్టమొదట కరెంటు డ్రిల్లు పట్టిన మనిషి ఓబుళేశు. ఆ పక్క ఊళ్లలో సగం తలుపులు ఆయన వేసిన బెజ్జాల మీదే ఆగి ఉన్నాయి. ఆయన అరచేతి కింద నలభై ఏళ్లు నలిగి, మిషను మీద ఉండే కంపెనీ పేరు, నంబరు నున్నగా అరిగిపోయాయి.

రాజంపేటలో ఉండే ఓబుళేశు కూతురు తిరుపతమ్మకు ఫోన్ చేసి ఖాదర్ సంగతి చెప్పాడు.

"అట్లయితే మా నాయన పేరు అచ్చులో పడతాదా ఖాదరన్నా?" అని అడిగిందామె. "ఆయన పేరు రాసిన కాయితం శ్మశానం రసీదొక్కటే ఉండాది నా దగ్గర."

"పడతాదమ్మా. నేను పడేట్టు చేస్తా," అన్నాడు ఖాదర్.

మర్నాడే డ్రిల్లును తువ్వాల్లో చుట్టుకుని, ప్రొద్దుటూరు మీదుగా రెండు బస్సులు మారి కడప చేరాడు.

సహాయ గుర్తింపు అధికారి దేవేంద్రప్ప చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చి, డ్రిల్లును యాప్‌తో ఫోటో తీశాడు. యాప్ కాసేపు గిరగిరా తిరిగి ఫలితం చెప్పింది: తల ఆరబెట్టుకునే మిషను, నమ్మకం తొంభై నాలుగు శాతం.

"సార్, ఇది నాలుగు కిలోలుండాది. దీంతో తల ఆరబెట్టుకుంటే తలే ఉండదు," అన్నాడు ఖాదర్.

"తొంభై నాలుగు శాతమంటే ఆషామాషీ కాదు పెద్దాయనా," అన్నాడు దేవేంద్రప్ప బాధగా. "మా అబ్బాయికి కూడా రాలేదు."

"ఇది డ్రిల్లని నేను చెప్తాండా గదా."

"మీరు చెప్పకూడదు."

పదకొండో నిబంధన ప్రకారం యజమాని తన వస్తువును తాను గుర్తించరాదు. సొంత వస్తువు గురించి యజమానికి ముందే తెలిసి ఉండటం వల్ల నిష్పాక్షికత దెబ్బతింటుంది. (ఈ నిబంధన రాసినాయన సొంత స్కూటరును ఎలా గుర్తుపడతాడో విభాగం వివరించలేదు.) కాబట్టి స్వతంత్ర నిపుణుడు చూడాలి. ఖాదర్ డ్రిల్లును అక్కడే వదిలి, దాని బదులు ఒక రసీదును తువ్వాల్లో చుట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆ వారమంతా ఆయనకు అన్నం సహించలేదు. "ముప్పై ఏడు మంది ఉండారు గదా, ఇంకా ఏం దిగులు?" అంది దౌలత్ బీ. అని, తనే బియ్యం డబ్బా పక్కన ఖాళీ అయిన చోటు తుడిచి, అక్కడ ఏమీ పెట్టకుండా ఉంచింది.

తొమ్మిదో రోజు ఫోన్ మోగింది. అవతల ఏసేపు. ఒకప్పుడు ఖాదర్ దగ్గర నాలుగేళ్లు వైండింగ్ నేర్చుకుని, ఈమధ్య కర్నూలులో రెండు రోజుల శిక్షణ తీసుకుని ధ్రువపత్రం పొందిన స్వతంత్ర నిపుణుడు.

"అన్నా, ఒక చప్పుడు వినిపిస్తా. ఏం మిషనో చెప్పు."

ఫోన్లో గుర్రుమని మోత వినిపించింది. ఖాదర్ కళ్లు మూసుకున్నాడు.

"డ్రిల్లు. ఇంగ్లండుది. అరవై రెండు, అరవై మూడు ప్రాంతం. ఎడమ పక్క కార్బన్ బ్రష్షు కొంచెం అరిగుండాది..." అంటూనే ఆగిపోయాడు. "ఏసేపూ, అది మా ఉస్తాద్ మిషను కదరా!"

"నాకూ తెలుసన్నా," అన్నాడు ఏసేపు గొంతు తగ్గించి. "కానీ రూలు ప్రకారం నాకు తెలీకూడదు. ఇంగ్లండు అన్నావు, అరవై మూడని రాసుకోనా?"

"రాసుకో. ఉస్తాద్ పేరు కూడా రాయి. పద్నాలుగేండ్ల కింద పోయినాడని రాయి."

ఏసేపు అన్నీ రాశాడు. ఖాదర్ నోటితో చెల్లని మాట, ఏసేపు సంతకంతో నిపుణుడి నిర్ధారణ అయింది. డ్రిల్లు డ్రిల్లేనని విభాగం ఏకగ్రీవంగా అంగీకరించింది.

ప్రదర్శనశాల తెరిచిన రోజు తిరుపతమ్మ రాజంపేట నుంచి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఖాదర్ ఆమెను అద్దం దగ్గరికి తీసుకెళ్లాడు. లోపల డ్రిల్లు తళతళలాడుతోంది. కింద తెల్లటి అట్ట మీద అచ్చులో ఇలా ఉంది: డ్రిల్లు మిషను. ఇంగ్లండు, 1963. నంబరు 0017. వాడినవారు: లేరు.

ఖాదర్ ముఖం కందగడ్డలా అయింది. దేవేంద్రప్పను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"సార్, వాడినోళ్లే లేకపోతే దాని మీద కంపెనీ పేరు అంత నున్నగా ఎట్ల అరిగిపోయింది?"

"మనిషి పేరు రాసే గడి యాప్‌లో లేదు పెద్దాయనా," అన్నాడు దేవేంద్రప్ప. నిజంగానే నొచ్చుకున్నాడు. "వాడినవారు ఉన్నారా, లేరా అని అడుగుతుంది. రెండే మాటలు. పోయినారని మీ నిపుణుడే రాసిచ్చినాడు. నేను ఇంకేం నొక్కేది?"

తిరుపతమ్మ కళ్లజోడు సర్దుకుని అట్టను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదివి, అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

"పోనీలే అన్నా," అంది. "అబద్ధమేం రాయలే. లేడు గదా."

దేవేంద్రప్ప ఊపిరి పీల్చుకుని, సందర్శకుల పుస్తకం తెరిచి, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు: "కుటుంబ సభ్యులు స్వయంగా వచ్చి వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయని ధ్రువీకరించారు."