పల్లంరాజు పడవకి చాలని చిల్లు

పల్లంరాజు కోపం గోదావరి మీద కాదు. వరదకి కొట్టుకొచ్చి పడవకి చిల్లు పెట్టిన తాటిదుంగ మీదా కాదు. ప్రసన్నకుమార్ గారి మీద. నాలుగో తరగతితో బడి మానేసినవాడికి అంత పెద్ద ఆఫీసరు మీద కోపమేంటని ఎవరైనా అడగొచ్చు. ఆయన చేసిన ఉపకారం అలాంటిది మరి.

చిల్లు బొటనవేలంత. వడ్రంగి ఆరు వేలడిగాడు, గురువారం వస్తానన్నాడు. అవతల పులసలు ఏటికి ఎదురీదే రోజులు. ఏడాది తిండంతా ఆ రెండు నెలల్లోనే సంపాదించుకోవాలి. బుధవారం పొద్దున్నే ప్రసన్నకుమార్ గారు జీపు దిగి, ఏటిగట్టు మీద నిలబడి ప్రకటించారు.

"పల్లంరాజూ, నీ పడవ ఇక నీ ఒక్కడి సమస్య కాదయ్యా. మా ఆఫీసు సమస్య. మా స్టాఫంతా వాలంటీర్లుగా మారి నీకోసం భారీ ఎత్తున ఫండ్ రైజింగ్ చేస్తున్నాం. చీఫ్ గెస్టు మంత్రిగారు!"

"ఆయ్. ఆరు వేలేనండి. రేపు వడ్రంగి వచ్చేత్తన్నాడండి."

"రేపా?" ఆయన అదిరిపడ్డారు. "రేపే బాగుచేయించేస్తే మేం దేనికి వసూలు చేయాలి? చెయ్యి వేయకు దానిమీద."

పల్లంరాజు చెయ్యి వేయలేదు.

ఆఫీసులో సేవాభావం వరదలెత్తింది. స్వచ్ఛందంగా ముందుకు రానివారి పేర్లు సాయంత్రంలోగా పంపాలని సర్క్యులర్ రాగానే నలభై ముగ్గురూ స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. స్టేజికో కమిటీ, భోజనాలకో కమిటీ, పడవకో కమిటీ. పడవ కమిటీకి జూనియర్ అసిస్టెంట్ సుకుమార్ కన్వీనరు.

మంత్రిగారి డేటు రెండుసార్లు మారింది. ఒకసారి తునిలో పెళ్లి, ఇంకోసారి సామర్లకోటలో పరామర్శ. పల్లంరాజు గట్టు మీద కూర్చుని ఊళ్లోవాళ్ల పడవలు చూసేవాడు. ఏ పడవకి ఎన్ని పడ్డాయో పెళ్లాం అచ్చాయమ్మ ఇంటి దగ్గర వినిపించేది.

"ఇయ్యాళ మీ బాబాయికి మూడు పులసలు పడ్డాయంట. మనకేం పడిందయ్యా?"

"మనకి మంత్రిగారు పడ్డారే."

"అయితే ఆయన్నే కూరొండుకుందాం, చింతపండు నానబెట్టనా?"

ఫంక్షను ఇంకా రెండు రోజులుందనగా సుకుమార్ పడవని ఫొటోలు తీసి తల పట్టుకున్నాడు.

"చిల్లు కనబడట్లేదయ్యా! డ్రోన్ షాట్‌లో నీ పడవ నిక్షేపంగా ఉన్నట్టుంది. చూసినోళ్లు ఎలా కరుగుతారు?"

ప్రసన్నకుమార్ గారు ఫోనులోనే ఆమోదం తెలిపారు. ఇద్దరు వాలంటీర్లు గునపాలతో శ్రమదానం చేశారు. చిల్లు కొబ్బరికాయ పట్టేంత అయింది. ఫొటో తీశారు. చాల్లేదు. మనిషి తల పట్టేంత అయ్యాక సుకుమార్ తన తలే దూర్చి సెల్ఫీ తీసుకుని, "ఇప్పుడొచ్చింది ఫీల్" అన్నాడు.

"బాబోయ్, ఇప్పుడు అడుగుచెక్కంతా మార్చాలండి. అరవై వేలవుద్దండి!"

"కంగారు పడకు. టార్గెట్ పెంచేస్తున్నాంగా."

ఆదివారం ముప్పైమంది మోసి పడవని స్టేజి ఎక్కించారు. పూలదండ వేశారు. మంత్రిగారు వంగి చిల్లులోంచి చూసి, "ఇందులోంచి నాకు పేదవాడి గుండె కనబడుతోంది" అన్నారు. అవతల నిలబడ్డ ఫొటోగ్రాఫరు కొంచెం పక్కకి జరిగాడు.

తరవాత మంత్రిగారు కూర్చుని, ప్రసన్నకుమార్ గారి చెవి దగ్గర అడిగారు.

"ఎంతొచ్చిందయ్యా?"

"తొమ్మిది వేల మూడొందలండి."

"ప్రెస్సోళ్లకి తొమ్మిది వేలని చెప్పుకోమంటావా? లక్ష దాటించు."

ప్రసన్నకుమార్ గారు స్టేజి నాలుగు వైపులా చూశారు. కుర్చీలు టెంటుహౌసువి. శాలువా మంత్రిగారికి కప్పేశారు. మిగిలింది పడవ. ఆయన మైకందుకుని వేలంపాట మొదలెట్టారు.

పల్లంరాజు ఆయన దగ్గరికి పరిగెత్తాడు. "బాబుగారూ! పడవ అమ్మేస్తే నేనేం చేసుకోవాలండి?"

ఆయన మైకుని అరచేత్తో మూశారు. "అమ్మేది నీకోసమేగదయ్యా! దండం పెట్టు, ఫొటో తీస్తున్నారు."

పల్లంరాజు దండం పెట్టాడు.

యానాం రోడ్డులో రిసార్టున్న అమ్మిరాజు గారు లక్షా పదకొండు వేల నూట పదహార్లకి పాడుకున్నారు. లాన్‌లో పెట్టించి పూలమొక్కలు వేస్తారట. "చిల్లు భలే పెట్టారండి. కుండీలో నీళ్లు నిలవకూడదు" అని పడవ కమిటీని ప్రత్యేకంగా అభినందించారు.

సోమవారం పల్లంరాజు ఆఫీసుకి వెళ్లాడు. ప్రసన్నకుమార్ గారు కుర్చీ చూపించారు. ఆ ఆఫీసులో అతనికి అంతకుముందు ఎవరూ కుర్చీ చూపించలేదు.

"బాబుగారూ, ఆ డబ్బులండి..."

"అది రిపేరు ఫండయ్యా. రూలు ప్రకారం ముందు పడవని ఇన్‌స్పెక్షన్ చేయాలి. తీసుకొచ్చి చూపించు, ఈ క్షణం ఇచ్చేస్తాను."

"పడవ తమరే అమ్మేశారు కదండీ!"

"మేమమ్మడమేంటయ్యా? అంతమంది ఎదుట దండం పెట్టి మరీ ఇచ్చావు. సుకుమార్! పల్లంరాజు గారి కవరు పట్రా."

'గారు' అనేసరికి పల్లంరాజు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. సుకుమార్ రెండు చేతులతో కవరందించి, ఫొటో కోసం ఒక నిమిషం అలాగే వదలకుండా పట్టుకున్నాడు.

లోపల రసీదుంది. ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపుకి పనికొస్తుందట. పల్లంరాజు కూడబలుక్కుని చదువుకున్నాడు. దాత పేరు దగ్గర తన పేరే ఉంది. ఇచ్చిన విరాళం దగ్గర: అక్షరాలా ఒక లక్షా పదకొండు వేల నూట పదహారు రూపాయలు మాత్రమే.