సున్నా నుంచి పది దాకా

ఆ ఆదివారం పొద్దున శ్రీరామమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండిడ్లీ తిని, నడుముకు బెల్టు కట్టుకుని, చిక్కడపల్లి మార్కెట్లో అరకిలో దొండకాయలు కొని, తొమ్మిదికల్లా ఇంటికొచ్చి చాప మీద వెల్లకిలా పడుకోవాలి. నీటిపారుదల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు కుర్చీలో కూర్చుని రిటైరైన మనిషిని, పదకొండేళ్ళుగా ఆయన నడుము ఏ కుర్చీలోనూ ఇరవై నిమిషాలకు మించి కూర్చోనివ్వడం లేదు. ఇరవై ఒకటో నిమిషానికి లేచి నిలబడాల్సిందే, ఎదురుగా పెళ్ళికొడుకు తాళి కడుతున్నా సరే.

పై వాటాలో ఆయన అన్నకూతురు విజయశ్రీ, ఆమె భర్త డాక్టర్ సుధీంద్ర ఉంటారు. సుధీంద్ర నొప్పుల డాక్టరు. మూడేళ్ళ కిందట కాకినాడ నుంచి వచ్చి నారాయణగూడలో క్లినిక్ పెట్టాడు. ఆ క్లినిక్ గోడ మీద పదకొండు గుండ్రటి మొహాలున్న బొమ్మ ఉంటుంది. సున్నా దగ్గర మొహం నవ్వుతుంటుంది, పది దగ్గర మొహం ఏడుస్తుంటుంది. నొప్పి ఎంతుందో రోగి అంకెల్లో చెప్పాలి. శ్రీరామమూర్తి వెళ్ళినప్పుడల్లా "ఎనిమిది" అంటాడు. సుధీంద్ర ఆయన్ని ఎగాదిగా చూసి, "నడిచే వచ్చారుగా మామయ్యగారూ, ఐదు వేద్దాం" అని ఐదు రాసుకుంటాడు. మందు ఐదుకే వస్తుంది.

బెల్టు కట్టుకుంటుండగా పైనుంచి పిలుపు వచ్చింది. "బాబాయ్, ఒక్కసారి పైకి రా."

పైన సుధీంద్ర భోజనాల బల్ల అంచు పట్టుకుని, సగానికి వంగి, నేలకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. కిందపడ్డ మేజోడు తీయబోయి వంగాడట. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"మాత్ర వేసుకున్నారా అల్లుడుగారూ?"

"వేసుకున్నాను. పనిచెయ్యడానికి టైం పడుతుంది," అన్నాడు సుధీంద్ర నేలతో.

"నాకూ అలాగే చెబుతారు," అన్నాడు శ్రీరామమూర్తి. విజయశ్రీ ఆయన వైపు ఒక చూపు చూసింది.

సంగతి ఇది. డాక్టర్లు ఏళ్ళకోసారి రిజిస్ట్రేషన్ కొత్తది చేయించుకోవాలి. అందుకు సదస్సులకు వెళ్ళి, కొత్త విషయాలు విని, పాయింట్లు తెచ్చుకోవాలి. సుధీంద్ర అన్నీ ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో విన్నాడు. రెండు పాయింట్లు మాత్రం హాలుకు వెళ్ళే తెచ్చుకోవాలన్నారు. రేపే ఆఖరి తేదీ. ఈరోజు అశోక్ నగర్లో జరిగేదే ఆఖరి సదస్సు. రెండు పాయింట్లూ రాకపోతే ఎల్లుండి నుంచి క్లినిక్ తలుపు తియ్యడానికి లేదు.

"ఎలాగో వెళ్ళండి మరి," అంది విజయశ్రీ.

"ఇలాగా? నూట ఇరవైమంది నొప్పుల డాక్టర్లుంటారు అక్కడ. జన్మంతా చెప్పుకుంటారు."

చివరికి ఆమె ఒక ఉత్తరం రాసింది. డాక్టర్ సుధీంద్రకు ఆరోగ్యం బాగోలేదు కాబట్టి ఇంటినుంచే వీడియోలో హాజరవడానికి అనుమతించండి అని. ఏం ఆరోగ్యం బాగోలేదో రాయొద్దన్నాడు సుధీంద్ర. ఆ ముక్క లేకుండానే రాసింది. ఆ కవరు శ్రీరామమూర్తి చేతిలో పెట్టి, "ఐదు నిమిషాల పని బాబాయ్. ఇచ్చేసి వచ్చెయ్. దొండకాయలు నేను తెస్తాను," అంది.

అశోక్ నగర్లో ఆ భవనం కింది అంతస్తు సర్కారు ఉద్యోగ పరీక్షల కోచింగ్ సెంటరు. ఆదివారమైనా పిల్లలు మెట్ల మీద పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్యలోంచి కాళ్ళు వెతుక్కుంటూ ఆయన పైకి వెళ్ళాడు. హాలు ముందు బల్ల దగ్గర జయశ్రీ అనే అమ్మాయి ఒక చెవిలో ఫోను పెట్టుకుని, ఒక చేత్తో బ్యాడ్జీలు పంచుతోంది.

"పేరు సార్?"

"డాక్టర్ సుధీంద్రగారని అమ్మా. ఈ ఉత్తరం..."

"లెటర్లు లోపల కిషన్ రావు సార్‌కియ్యున్రి. ఈడ సైన్ చెయ్యున్రి."

"నేను ఆయన తరఫున వచ్చాను."

"జల్దీ సార్, ఎన్క లైన్ చూడున్రి జర."

సంతకం అనగానే శ్రీరామమూర్తి చెయ్యి దానంతటది కదిలింది. సెలవులో ఉన్న ఆఫీసర్ల తరఫున ఆ చెయ్యి ముప్ఫై నాలుగేళ్ళు సంతకాలు పెట్టింది. అలవాటు ప్రకారం పైన చిన్నగా "ఫర్" అని రాసి, కింద తన పేరు గిలికాడు. తలెత్తేసరికి ఆయన చొక్కాకు డాక్టర్ సుధీంద్ర అన్న బ్యాడ్జీ వేలాడుతోంది. జయశ్రీ వెనకనున్న ఆయన పేరు అడుగుతోంది.

హాలు తలుపు దగ్గర నిర్వాహకుడు డాక్టర్ కిషన్ రావు స్వయంగా నిలబడి ఉన్నాడు. పోయినసారి నలభైమంది పొద్దున సంతకం చేసి జారుకుని, సాయంత్రం సంతకం వేళకు ప్రత్యక్షమయ్యారట. ఆ కోపం ఇంకా తగ్గలేదు. శ్రీరామమూర్తి కవరు అందించి, వెనక్కి తిరిగాడు.

"ఎటు పోతున్నరు డాక్టర్ సాబ్?"

"ఇంటికండి. ఆ ఉత్తరం చదివితే..."

"సైన్ అయింది, ఇగ ఇంటికి. నాకెరుకే ఈ కథలన్నీ." కిషన్ రావు కవరు విప్పకుండానే కోటు జేబులో పెట్టుకున్నాడు. "లోపల కూసోండ్రి. నాలుగ్గంటలు హాల్ల ఉంటెనే పాయింట్లు. ఎవ్వరినీ ఇడిచిపెట్ట ఈసారి."

నాలుగ్గంటలు అన్న మాటకే ఆయన నడుములో ఏదో కలుక్కుమంది. మూడో వరసలో ఒక ఇనుప కుర్చీ దొరికింది.

వేదిక మీద ఫణికిరణ్ అనే కుర్ర డాక్టరు తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. మార్ఫిన్ జాతి మందులు ఎవరికివ్వాలి, ఎప్పుడు ఆపాలి, అలవాటు పడితే ఏం చెయ్యాలి అని. శ్రీరామమూర్తికి సగమే అర్థమైంది. మిగతా సగం గోడ గడియారం చూశాడు. ఇరవై ఒకటో నిమిషానికి లేచి నిలబడ్డాడు. వెంటనే ఎవరో వచ్చి మైకు చేతిలో పెట్టారు.

"అడగండి సార్," అన్నాడు ఫణికిరణ్.

"ఏం లేదండి. నడుం నొప్పి."

హాలంతా నవ్వింది. నొప్పుల డాక్టర్ల సభలో ఇంత పెద్దాయన అంత నిదానంగా ఆ మాటనడం అందరికీ నచ్చింది. ఆయన కూర్చున్నాడు. మళ్ళీ ఇరవై నిమిషాలు గడిచేసరికి ఫణికిరణ్ మొహాల బొమ్మ దగ్గరికి వచ్చాడు. "పేషెంట్లు ఎప్పుడూ ఎక్కువే చెబుతారు. ఎనిమిది అంటే ఐదు అనుకోండి. నా లెక్క అది."

శ్రీరామమూర్తి లేచాడు. ఈసారి కూడా నడుం కోసమే లేచాడు కానీ, మైకు చేతికొచ్చేసరికి కారణం మారిపోయింది.

"ఆ లెక్క రోగులకు తెలుసు బాబూ. నొప్పి ఆరుంటుంది. ఆరు చెబితే మూడు రాస్తారని ఎనిమిది చెబుతారు. మీరు ఐదు రాస్తారు. మార్కెట్లో దొండకాయల బేరమే ఇది. ఒక్కసారి రోగి చెప్పింది చెప్పినట్టు రాసి చూడండి. అడిగేటప్పుడు కంప్యూటర్ కాకుండా మనిషి మొహం చూడండి. ఇంకోటి, వెయిటింగ్ హాల్లో ఇలాంటి ఇనుప కుర్చీలు వెయ్యకండి."

 చప్పట్లు మొదలై చాలాసేపటికి గానీ ఆగలేదు. ఫణికిరణ్ మొహం ఎర్రబడింది. "ఈ రంగంలో ఎన్నేళ్ళ అనుభవం సార్?" అని అడిగాడు వినయంగా.

"పదకొండేళ్ళండి," అన్నాడు శ్రీరామమూర్తి. అది నిజమే.

టీ విరామంలో కిషన్ రావు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నొద్దులు యాడున్నరు సార్ మీరు? పదకొండింటికి స్టేజీ మీద పేషెంట్‌ను చూసుడు ఉంది. మీరే చూడాలె." కాదనే లోపల ఇంకెవరినో తలుపు దగ్గర ఆపడానికి పరుగెత్తాడు. శ్రీరామమూర్తి గోడవారగా వెళ్ళి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నన్ను డాక్టర్ని చేశారు."

"అంటే?"

"మీ ఆయన బ్యాడ్జీ నాకు పెట్టారు. పదకొండింటికి ఎవరినో పరీక్ష చెయ్యాలట. ఉత్తరం ఇక్కడి నిర్వాహకుడి జేబులో ఉంది, చదవడం లేదు."

అవతల ఫోను సుధీంద్ర చెవికి మారినట్టుంది. ఒక మూలుగు వినిపించింది. "మామయ్యగారూ, ఎవరినీ ముట్టుకోకండి. నా పేరుతో వేరే మనిషి కూర్చున్నాడని మెడికల్ కౌన్సిల్‌కి తెలిస్తే పాయింట్లు కాదు, రిజిస్ట్రేషనే పోతుంది. వస్తున్నాను."

ఆ ప్రయాణం సంగతి విజయశ్రీ తర్వాత చెప్పింది. ఆటో సీటు మీద అతను అడ్డంగా, అంచు మీద ఆమె. డ్రైవరు వెనక్కి చూసి, "అన్నను దవాఖానకు తీస్కపోవాల్నా అక్కా?" అన్నాడు.

"వద్దు. డాక్టర్ల మీటింగుకి."

"మంచిది. ఒక్కనికన్న తెలుస్తది," అన్నాడు డ్రైవరు. ప్రతి గుంతకూ "జర ఓర్సుకో అన్నా" అంటూ ముందే హెచ్చరించాడట.

పదకొండుకు పది నిమిషాలుంది. పరీక్ష కోసం మాట్లాడి పెట్టుకున్న రోగి రాలేదు. అంబర్‌పేట్లో బయల్దేరానన్నవాడు ఫోను ఎత్తడం లేదు. జయశ్రీ మెట్ల వైపు చూస్తూ అరచేతులు నలుపుకుంటోంది. సరిగ్గా అప్పుడు, సగానికి వంగి, ఒక ఆడమనిషి భుజం పట్టుకుని, కోచింగ్ పిల్లలు దారిస్తుంటే, ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఒక మనిషి వచ్చాడు.

"వచ్చిండు సార్, పేషెంట్ వచ్చిండు," అంది జయశ్రీ.

"నేను డాక్టర్ని," అన్నాడు సుధీంద్ర ఆమె చెప్పులతో.

"లోపల అందరూ డాక్టర్లే ఉన్నరన్నా, పరేషాన్ గాకు. మంచిగ చూస్తరు." ఇద్దరు మనుషులు చెరో చంకా పట్టుకున్నారు. విజయశ్రీ చెప్పబోయింది. "అటెండెంట్లు ఈడనే కూసోవాలె మేడం," అని ఆమెకు ఒక ఇనుప కుర్చీ చూపించారు.

వేదిక మీద బల్ల. బల్ల మీద సుధీంద్ర, పక్కకు తిరిగి, కొడవలిలా. బల్ల పక్కన సుధీంద్ర బ్యాడ్జీ పెట్టుకున్న శ్రీరామమూర్తి. ఎదురుగా నూట ఇరవైమంది ఉండాలి. కిషన్ రావు ఎంత కాపలా కాసినా టీ విరామంలో వెనక మెట్ల నుంచి కొంతమంది జారుకున్నారు. మిగిలినవాళ్ళు ముందుకు వంగి చూస్తున్నారు.

"మామయ్యగారూ," అన్నాడు సుధీంద్ర పళ్ళ మధ్యనుంచి, "ఏదో ఒకటి చెయ్యండి."

ముట్టుకోవద్దన్నారు. మందుల పేర్లు తెలియవు. డాక్టర్లు చేసే పనుల్లో శ్రీరామమూర్తికి తెలిసింది ఒక్కటే. ఆయన బల్ల మీదకు వంగి, మొహం చూస్తూ అడిగాడు. "సున్నా నుంచి పది దాకా ఎంత ఉంది బాబూ?"

సుధీంద్ర కళ్ళు మూసుకున్నాడు. "తొమ్మిది."

పక్కన నోట్సు రాస్తున్న ఫణికిరణ్ పొద్దున విన్నదంతా మర్చిపోయాడు. "మెట్లెక్కే వచ్చాడుగా. ఆరు వేద్దాం సార్," అన్నాడు.

"తొమ్మిదంటే తొమ్మిదే," అని సుధీంద్ర లేవబోయాడు. సగం లేచి, కెవ్వుమని, మళ్ళీ పడ్డాడు. "నొప్పి నీకుందా నాకుందా? మెట్లెక్కితే తొమ్మిది ఉండదా? తొమ్మిదున్నా వచ్చానంటే నాకెంత అవసరమో ఆలోచించవా?"

ఆ చివరి మాట అన్నాక అతను శ్రీరామమూర్తి వైపు చూశాడు.  శ్రీరామమూర్తి తన చొక్కాకున్న బ్యాడ్జీ తీసి, అల్లుడి జేబుకు జాగ్రత్తగా తగిలించాడు. "తొమ్మిదే రాయండి బాబూ," అన్నాడు ఫణికిరణ్‌తో. "డాక్టరుగారు చెబుతున్నారు కదా."

హాలు కాసేపు అల్లకల్లోలమైంది. కిషన్ రావు వేదిక ఎక్కాడు. "ఏందిది? డాక్టర్ ఎవరు, పేషెంట్ ఎవరు?"

"ఆయన డాక్టరు, నేను పేషెంటు. పొద్దుటినుంచీ అదే చెబుతున్నానండి," అన్నాడు శ్రీరామమూర్తి. "మీ జేబులోనే ఉంది."

కిషన్ రావు కవరు విప్పి చదివాడు. హాజరు పట్టీ తెప్పించాడు. "ఫర్" అన్న అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఫోర్జరీ కాదండి. ఫర్ అని పెట్టాను. కింద నా పేరే ఉంది," అన్నాడు శ్రీరామమూర్తి.

"ఈ సంతకం చెల్లది," అన్నాడు కిషన్ రావు. సుధీంద్ర బల్ల మీద ఇంకొంచెం ముడుచుకుపోయాడు. గుమ్మం దగ్గర విజయశ్రీ లేచి నిలబడింది. కిషన్ రావు చేతి గడియారం చూశాడు. "ఇప్పుడు పదకొండు. సాయంత్రం నాలుగు దాక హాల్ల ఉంటే అయిదు గంటలు. ఉంటరా డాక్టర్ సాబ్?"

"లేవగలిగితే కదండీ వెళ్ళడానికి," అన్నాడు సుధీంద్ర.

మధ్యాహ్నం మూడు ఉపన్యాసాలూ అతని నడుం మీదే జరిగాయి. వచ్చినవాళ్ళందరూ మొహం చూసి అడిగారు. చెప్పిన అంకె చెప్పినట్టే రాశారు. ఏ మందు, ఏ వ్యాయామం, ఏ సూది అన్న దాని మీద రెండుసార్లు పోట్లాడుకున్నారు. మూడున్నరకు నొప్పి ఆరుకు దిగింది. శ్రీరామమూర్తి హాలు వెనక గోడ పక్కన చాప వేయించుకుని పడుకుని అంతా విన్నాడు. నాలుగింటికి కిషన్ రావు పేర్లు పిలిచి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. వెనక మెట్ల నుంచి వెళ్ళి, సంతకం వేళకు వచ్చినవాళ్ళు ముప్ఫై ఒక్కమంది తేలారు. వాళ్ళ పాయింట్లు కొట్టేశాడు. పదకొండు నుంచీ హాలు కదల్లేదని అందరూ సాక్ష్యం చెప్పగలిగిన డాక్టరు ఒక్కడే కనబడ్డాడు. సుధీంద్ర పడుకునే సంతకం చేశాడు.

నారాయణగూడ క్లినిక్‌లో ఇనుప కుర్చీలు పోయి, వెనక్కి వాలే కుర్చీలు వచ్చాయి. సుధీంద్ర ఇప్పుడు మొహం చూసే అడుగుతాడు, చెప్పిన అంకె చెప్పినట్టే రాస్తాడు. దాంతో శ్రీరామమూర్తికి ఆరుంటే ఆరే చెప్పాల్సి వస్తోంది.