సిగ్గుపడిన బంగారం

బంగారం పసుపు రంగులోనే ఉండాలని సుభాష్‌పల్లిలోని జలకాంతి పరిశోధనా కేంద్రం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ సంగతి బంగారానికి ఇంకా తెలియదు.

గొడవంతా కిరణ్మయి వల్ల వచ్చింది. అక్కడ పరిశోధన చేస్తున్న నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల పిల్ల. బుద్ధిగా ఉండక, బంగారాన్ని కంటికి ఆనని నలుసులుగా చేసి నీళ్ళలో తేల్చింది. అంత చిన్న నలుసులు వెలుగులోని ఆకుపచ్చను మింగేసి ఎరుపును వదిలేస్తాయి. అందుకని సీసాలో నీళ్ళు దానిమ్మ రసంలా ఉన్నాయి. ఆ రోజు వచ్చే ముఖ్య అతిథి వెంకటరావుగారు తల ఊపితేనే ఆమె స్కాలర్‌షిప్పు ఇంకో ఏడాది సాగుతుంది. లేకపోతే చదువు అంతటితో సరి.

డైరెక్టరు నాగభూషణంగారు సీసా ఎత్తి చూసి నొచ్చుకున్నారు. "అమ్మాయ్, వెంకటరావుగారు పుట్టినప్పటి నుంచి బంగారం చూస్తున్న మనిషి. ఆయన ఎదుట దానికి ఈ రంగేమిటి?"

"దాని రంగే అది సార్. ఎంతో కష్టపడి చేసినాను."

కష్టాన్ని గౌరవించవలసిందేనని, రంగు మాత్రం మార్చవలసిందేనని ఆయన సెలవిచ్చారు. గాజు జాడీలో నీళ్ళు పోయించి చారెడు పసుపు కలిపించారు. పసుపు కూడా నీళ్ళలో కరగదు, తేలుతుంది. కనుక శాస్త్రానికి ఏ అపచారమూ జరగలేదు.

ఇంతలో హారతికి ఎర్రనీళ్ళు కలపవలసిన ఆయా జోగమ్మ ఖాళీ డబ్బాతో వచ్చింది. పసుపులో సున్నం పడితే గాని ఎర్రనీళ్ళు కావు.

"సున్నం ఎక్కడిది బాబూ? డబ్బాడూ గెస్టవుసులో దిగిన ఆ పెద్దాయన కిళ్ళీలకే అయిపోనాది. ఏటి సెయ్యమంటారు?"

డైరెక్టరుగారు కిరణ్మయి సీసా తీసి జోగమ్మ చేతికిచ్చారు. హారతికి కావలసింది ఎరుపే కదా. కిరణ్మయి నోరు తెరిచింది, స్కాలర్‌షిప్పు గుర్తొచ్చి మూసేసింది. ఆమె బంగారం పళ్ళెంలోకెక్కి, వెంకటరావుగారి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఆయన దిష్టంతా మోసుకుని గేటు ముందు ఒలికిపోయింది.

వేదిక మీద వెంకటరావుగారు జాడీని చూసి, బంగారమంటే ఇలా ఉండాలని మెచ్చుకుని, కిళ్ళీ మడిచిన వేలు అందులో ముంచారు. వేలికి సున్నం అంటుకుని ఉంది. పసుపు నీళ్ళు చూస్తుండగానే ఎర్రబడ్డాయి.

నాగభూషణంగారు చేతులు జోడించారు. "అయ్యా, ఇది తమ చేతి మహిమ. బంగారం సిగ్గుపడింది."

చప్పట్లు మారుమోగాయి. స్కాలర్‌షిప్పు సాగింది. ఒక్కటే షరతు, ఇకపై పరిశోధనాంశం "అతిథి స్పర్శచే బంగారము ఎరుపెక్కుట". కిరణ్మయి "ఠీక్ హై సార్" అంది.

సభ ముగిసి బయటికొస్తే గేటు ముందు ఎర్రటి మడుగు. తోటి పరిశోధకులైన దాదాలు, దీదీలు, డాక్టరేట్లున్న పెద్దలు, అందరూ దిష్టినీళ్ళని పక్కకు తప్పుకుని పోతున్నారు. అది తన బంగారమేనని కిరణ్మయికి తెలుసు. వంగి చూసింది కూడా. తర్వాత తనూ చున్నీ పైకి లాక్కుని, కాలికి తడి అంటకుండా పక్కనుంచి నడిచింది.

ఎంత చదువుకున్నా దిష్టినీళ్ళు దిష్టినీళ్ళే మరి. మీరైతే తొక్కుతారా?