కుసకాబే తెప్పించిన నాలుగు డ్రమ్ములు

ఎనిమిదింటికి రేవుకు వెళ్ళి, పదింటికల్లా నాలుగు డ్రమ్ములతో తిరిగొచ్చి, మధ్యాహ్నానికి మెషీను తిప్పాలని కుసకాబే ఆ ఉదయం అనుకున్నాడు. మోజి రేవు వెనక వీధిలో అతనిది డ్రైక్లీనింగ్ దుకాణం. ఎల్లుండి బడిలో కొత్త పిల్లల్ని చేర్చుకునే వేడుక. తల్లులు ఇచ్చి వెళ్ళిన అరవై జతల ఖరీదైన బట్టలు కొక్కేలకు వేలాడుతున్నాయి. మెషీనులో పోసే పెట్రోలియం సాల్వెంట్ చూస్తే అడుగంటింది. ఎప్పుడూ ఇచ్చే వ్యాపారి కొట్టు మూసేయడంతో, ఈసారి సముద్రం అవతల పుసాన్ నుంచి తనే నేరుగా తెప్పించాడు.

కస్టమ్స్ కిటికీలో కూర్చున్న ఉద్యోగిని కాగితం చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"సరుకు పేరు 'బట్టల నూనె' అని ఉంది. ఎవరు రాశారండీ ఇది?"

"మా ఆవిడండీ. తన దస్తూరీ బాగుంటుందని..."

"దస్తూరీకేం, ముత్యాల్లా ఉంది. నూనె అంటే ఇంధనం కింద లెక్క. ఇంధనానికి దిగుమతి లైసెన్స్ కావాలి."

"ఇది మండించడానికి కాదండీ, ఉతకడానికి."

"అయితే మండదా?"

కుసకాబే అబద్ధం ఆడలేడు. "మండుతుందండీ," అన్నాడు.

పేరు మార్చి రాయమని, సరుకు నిల్వ చేసే పర్మిట్ కూడా తెమ్మని ఆమె చెప్పింది. అతను గబగబా సైకిలు తొక్కుకుంటూ ఇంటికెళ్ళి, భార్య మసాయే చేత బీరువా అంతా తిరగేయించి, పర్మిట్ పట్టుకొచ్చాడు. అందులో రెండు డ్రమ్ములకే అనుమతి ఉంది. "అగ్నిమాపక కేంద్రంలో తేల్చుకుని రండి. ఐదింటికి కిటికీ మూసేస్తాం," అంది ఆమె.

అప్పటికే ఒంటిగంట. అగ్నిమాపక కేంద్రంలో తనిఖీ అధికారి ఇవానగా బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని ఎదురయ్యాడు.

"మిగతా రెండూ ఎక్కడ పెడతారు?"

కంగారులో కుసకాబే నోటికొచ్చింది చెప్పేశాడు. "మా బావమరిది కొట్లోనండీ."

"ఆయనేం చేస్తారు?"

"బొగ్గుల మీద కోడిమాంసం కాల్చి అమ్ముతాడండీ."

ఇవానగా కలం ఆగిపోయింది. "రెండు చోట్లా తనిఖీ జరగాలి. అప్పటిదాకా ఒక్క డ్రమ్ము కూడా కదలదు."

కుసకాబే బయటికొచ్చి మసాయేకు ఫోన్ చేశాడు. "మీ తమ్ముడి కొట్టుకి అగ్నిమాపక వాళ్ళు వస్తారట. కాస్త సర్దుకోమను."

మసాయే ఆదుర్దాలో 'సర్దుకోమను' అన్న మాట మింగేసి, మిగిలింది తమ్ముడికి చేరవేసింది. కొట్టు అంటుకుందనుకున్న తమ్ముడు మండుతున్న బొగ్గుల మీద రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించాడు. లేచిన పొగ చూసి పక్కింటివాళ్ళు ఫోన్ కొట్టారు. కుసకాబే కళ్ళెదుటే సైరన్ మోగింది, బండి వెళ్ళిపోయింది. ఇవానగా మాత్రం గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీరు వెళ్ళరాండీ?" అని అడిగాడు కుసకాబే.

"యూనిఫాం లేకుండా వెళ్ళకూడదు. తనిఖీకైనా అంతే."

"మరి యూనిఫాం?"

"వారం కిందట డ్రైక్లీనింగ్‌కి ఇచ్చాను. సాల్వెంట్ రాలేదు, రేపు రండి అని రోజూ చెప్తున్నారు," అంటూ ఇవానగా జేబులోంచి చీటీ తీశాడు. చీటీ మీది దస్తూరీ ముత్యాల్లా ఉంది.



మూడున్నరకు తడిసి ముద్దై తిరిగొచ్చిన కేంద్రం అధిపతి సంగతంతా విన్నాడు. "రెండింటికి పర్మిట్ ఉంది కదయ్యా ఇవానగా. అవి విడుదల చేయమని రాసియ్యి. మిగతా రెండూ రేవు గోడౌన్‌లో ఉంటాయి. ఇంత చిన్నదానికి నన్ను తడిపారు."

ఐదుకు నాలుగు నిమిషాల ముందు రెండు డ్రమ్ములు బయటపడ్డాయి. కుసకాబే మెషీనులో మొట్టమొదట ఇవానగా యూనిఫామే వేశాడు. అరవై జతలూ వేడుక వేళకు ఇళ్ళకు చేరాయి.

డ్రమ్ములు వచ్చిన మర్నాడు ఉదయమే ఇవానగా దుకాణానికి వచ్చి, లోపలి గదిలో యూనిఫాం తొడుక్కుని, ఇస్త్రీ చాలా బాగుందని మెచ్చుకున్నాడు. తర్వాత గోడ వైపు చూసి, మంటలార్పే సిలిండరు గడువు దాటిందని నోటీసు రాసిచ్చాడు.