నాన్‌లోకల్ క్రిమి

"ఈ రోజు నుంచి మన నియోజకవర్గంలో మందులకు లొంగని క్రిమి అనేదే ఉండదు! ఇది నా మాట!" అని మంత్రి హజరత్తయ్యగారు సముద్రపు గాలికి కండువా ఎగురుతుండగా ప్రకటించారు. క్రిముల తరఫున ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ప్రకటన ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు రమణయ్య. గూడూరుకు తూర్పున ఉన్న ఆ ప్రభుత్వాసుపత్రికి అభివృద్ధి కమిటీ ఛైర్మన్ ఆయనే. వైద్యంలో ఆయన అనుభవం తక్కువేమీ కాదు. గత ఎన్నికల పాదయాత్రలో మంత్రిగారి బీపీ మాత్రల డబ్బా మోసింది ఆయనే మరి.

ఆ రోజు ప్రారంభించింది ఒక యంత్రాన్ని. రోగి పుండులోంచి నమూనా తీసి అందులో పెడితే, లోపల ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు చస్తుందో, ఏ మందుకు చావదో చెబుతుంది. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కింద గూడూరు నిమ్మకాయలు తొక్కించారు. యంత్రానికి చక్రాలు లేవని, నిమ్మకాయలు అవసరం లేదని ల్యాబు డాక్టరు వినీల చెప్పబోయింది గానీ పురోహితుడు ఒప్పుకోలేదు.

"ఇది పనిచేస్తే క్రిములన్నీ చస్తాయి గదమ్మా?" అని మంత్రిగారు అడిగారు.

"చావవు సార్. ఏ మందుకు చావవో తెలుస్తుంది."

"శుభమా అని ప్రారంభిస్తా ఉంటే చావవంటావేందమ్మా!" అని మంత్రిగారు నొచ్చుకున్నారు. రమణయ్య ఆమె తరఫున క్షమాపణ చెప్పి, మంత్రిగారికి కొబ్బరి ముక్క అందించాడు.

వారం తిరక్కుండానే యంత్రం నిజాలు చెప్పడం మొదలుపెట్టింది. సర్జికల్ వార్డులో సగం మంది ఒంట్లో ఉన్న క్రిములకు మామూలు మందులు మజ్జిగతో సమానమని తేలింది. వినీల రిపోర్టులు పట్టుకొచ్చి రమణయ్య ముందు పెట్టింది. రమణయ్య వెంటనే మంత్రిగారికి ఫోన్ చేశాడు.

"మొన్ననే గదయ్యా ఉండదని చెప్పినా! ఏ ఊరిదయ్యా ఈ క్రిమి?" అని మంత్రిగారు గర్జించారు.

ఆపదలోనే నాయకుడి బుర్ర పాదరసంలా పనిచేస్తుందంటారు. రమణయ్యది పనిచేసింది.

"మనది కాదు సార్! చెన్నై నుంచి సూళ్లూరుపేట మీదుగా రైల్లో వచ్చుంటాది."

"అట్టా చెప్పు!"

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఆసుపత్రి ల్యాబు రిపోర్టులో మొండి క్రిమి కనబడితే, అది స్థానికమని కమిటీ నిర్ధారించేదాకా ఆ రిపోర్టు చెల్లదు. రిపోర్టు చెల్లకపోతే స్టోర్‌లో ఉన్న ఖరీదైన మందు బయటికి రాదు. కమిటీకి ఛైర్మన్ రమణయ్యే.

"క్రిమికి ఊరేమిటి సార్?" అని వినీల తల పట్టుకుంది.

"ఓటు లేనిదల్లా నాన్‌లోకలే డాక్టరమ్మా," అని రమణయ్య ఓపిగ్గా వివరించాడు.

కమిటీ సమావేశమై, బిస్కెట్లు తిని, సమస్య మూలం దాకా వెళ్లింది. యంత్రం రాకముందు ఈ క్రిమి పేరు విన్నవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. యంత్రం వచ్చాకే క్రిమి వచ్చింది. అంటే తప్పు ఎక్కడుంది? యంత్రం గదికి తాళం వేసి, భద్రత కోసం తాళం చెవిని అమరావతిలో మంత్రిగారి పేషీకి పంపించారు. ఆ నెల మొండి క్రిములు సున్నా అని పేపర్లు రాశాయి. సెంటర్లో మంత్రిగారి ఫ్లెక్సీ లేచింది. అభిమానులు దానికి పాలాభిషేకం చేశారు. పాలు రమణయ్యే పోయించాడు.

అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో రమణయ్య బావ ముత్యాలయ్యకు కాలు తెగింది. పీతల కోసం ఉప్పునీటి కయ్యలోకి దిగితే ఆలిచిప్ప కోసుకుంది. చిన్న గాయమే. పసుపు అద్ది మళ్లీ వేటకు పోయాడు. నాలుగు రోజులకు కాలు సొరకాయలా వాచి, జ్వరం తగులుకుని ఆసుపత్రిలో పడ్డాడు. ఉన్న మందులన్నీ ఎక్కించారు. కాలు నల్లబడటం మొదలైంది.

"ఏ మందు పనిచేస్తుందో తెలిస్తే కాలుంటుంది. ఎల్లుండి దాకా చూస్తా. ఆ తర్వాత మోకాలి దాకా తీసెయ్యాలి," అని సర్జన్ చెప్పాడు.

అక్క పోలేరమ్మ తమ్ముడి కండువా పట్టుకుంది.

"ఒరే రవణయ్యా, కాలు లేనోడు పడవెట్టా ఎక్కుతాడురా? ఆ మిషన్లో పెట్టి ఏం క్రిమో చెప్పించరా. నువ్వు ఛైర్మనువు గదా!"

"అదిగాదక్కా, ముందు అది లోకలో, నాన్‌లోకలో..."

"నీ మొగం మండ! కాలు లోకలే గదరా!"

కమిటీలో ఈ పాయింటు ఎవరూ లేవనెత్తలేదు. రమణయ్య పక్కకు పోయి పేషీకి ఫోన్ చేశాడు. మంత్రిగారు సన్మానంలో ఉన్నారని, తాళం చెవి ఏ బీరువాలో ఉందో చూడాలని జవాబొచ్చింది. చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని సముద్రంలోకి నడిచిన బావ కాలు అది. రమణయ్యకు ఏడుపొచ్చింది. జిందాబాద్ కొట్టీ కొట్టీ బొంగురుపోయిన గొంతు కాబట్టి ఆ ఏడుపు బయటికి వినపడలేదు.

ఆసుపత్రి గేటు బయట నిలబడి చూస్తే ఎదురుగా రొయ్యల ల్యాబు బోర్డు కనబడింది. ఆ తీరంలో మనుషులకు ఒక్క ల్యాబు, దానికీ తాళం. రొయ్యలకు మాత్రం సందుకొకటి. రొయ్య ఒక పూట మేత ముట్టకపోతే చాలు, మాపటికల్లా దాన్ని పరీక్షకు తెస్తారు. రమణయ్య పరుగున వినీల దగ్గరికి పోయాడు. ఆమె పుండులోంచి నమూనా తీసి చిన్న సీసాలో పెట్టి, "ఇది నేనివ్వలేదు," అని ఇచ్చింది.

రొయ్యల ల్యాబు మధుబాబు సీసా అందుకుని, "రొయ్యల గుంట ఎవరిదన్నా?" అన్నాడు.

పదేళ్లుగా టోల్‌గేట్ దగ్గర, సినిమా హాలు దగ్గర, ఎమ్మార్వో ఆఫీసులో, ఎవరేం అడిగినా రమణయ్య నోటి నుంచి వచ్చే మాట ఒకటే. ఇప్పుడూ అదే వచ్చింది.

"మంత్రిగారిది."

ఆ తీరంలో పెద్ద రొయ్యల గుంటలు మంత్రిగారివే. మధుబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మర్నాటి సాయంత్రానికి ఫోన్ వచ్చింది. "అన్నా, కొంప మునిగింది! మామూలు మందు ఒక్కటీ పారడంలా. ఒకే ఒక్క మందుకి చస్తాండాది."

ఆ మందు పేరున్న కాగితం పట్టుకుని రమణయ్య ఆసుపత్రికి ఉరికాడు. సూపరింటెండెంట్ కళ్లజోడు తుడుచుకుని ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. "ఆసుపత్రి ల్యాబు రిపోర్టు చెల్లదని ఉంది. రొయ్యల ల్యాబు రిపోర్టు చెల్లదని ఎక్కడా లేదే," అన్నాడు. స్టోర్ తెరుచుకుంది. మందు ఎక్కింది. తెల్లారేసరికి జ్వరం దిగింది. కాలు తీసే మాట సర్జన్ మళ్లీ ఎత్తలేదు. రెండో రోజు ముత్యాలయ్య లేచి కూర్చుని చేపల పులుసు అడిగాడు. పోలేరమ్మ తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆ తీరంలో ఒక కట్టుబాటుంది. ఒక గుంటకు తెగులొస్తే పక్క గుంటలవాళ్లకు వెంటనే చెప్పాలి. మధుబాబు ధర్మం తప్పని మనిషి, వాట్సాప్‌లో చెప్పాడు. పొద్దెక్కేసరికి మంత్రిగారి రొయ్యలను కొంటామన్న కంపెనీలన్నీ వెనక్కి తగ్గాయి. మధ్యాహ్నానికి మంత్రిగారు సైరన్ కూడా వేసుకోకుండా ఊళ్లో దిగారు.

అత్యవసర సమీక్ష జరిగింది. ఈసారి క్రిమి లోకలా, నాన్‌లోకలా అని ఎవరూ అడగలేదు. "ఒక్క ప్రాణి గూడా పోడానికి వీల్లేదు! పొద్దూ మాపూ పరీక్షలు చెయ్యండి!" అని మంత్రిగారు బల్ల గుద్దారు. ఆయన కంఠం గద్గదమవడం రమణయ్య అదే మొదటిసారి చూడటం. బీరువాలో దొరకని తాళం చెవి ఆయన జేబులోనే వచ్చింది.

తెల్లారేసరికి యంత్రం వ్యానెక్కి రొయ్యల గుంట గట్టుకు చేరింది. దానికి ఏసీ షెడ్డు వేశారు. వినీలను డెప్యుటేషన్ మీద అక్కడికే పంపారు. రొయ్య నమూనా ఇస్తే మర్నాటికల్లా రిపోర్టు, దాంతోపాటే సర్కారు మందు. షెడ్డు గేటు దగ్గర ఇన్‌ఛార్జిగా నమ్మకస్తుడైన రమణయ్యను కూర్చోబెట్టారు. ఆ నమూనా బావ కాలిదని ఆయన మంత్రిగారికి ఇంకా చెప్పలేదు.

మొదటి రోజు పొద్దున్నే గేటు దగ్గరికి ఒకామె వచ్చింది. వార్డులో ముత్యాలయ్య పక్క మంచం మనిషి భార్య. కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసింది. ఆమె వెనక వార్డు మనుషులే ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు.

"అన్నా, మీ బావని రాపిచ్చినట్టే మా ఆయన్ని గూడా రొయ్య అని రాపిచ్చన్నా. నీకు పుణ్యముంటాది."

రమణయ్య అటూ ఇటూ చూశాడు. కండువాతో ముఖం తుడుచుకుని సీసా అందుకున్నాడు.

"లోపల మాత్రం మనిషని అనబాకమ్మా," అన్నాడు.