మూత లోపలి మాట

మా వీధిలో ఒక పెళ్లి పెట్రోలు దగ్గర ఆగిపోయిందని తెలియజేయడానికి చింతిస్తున్నాము. అమ్మాయికి అబ్బాయి నచ్చాడు. అబ్బాయికి అమ్మాయి నచ్చింది. తండ్రులిద్దరూ అప్పుడే ఒకరినొకరు బావగారూ అని పిలుచుకోవడం కూడా మొదలుపెట్టారు. అంతా సవ్యంగా సాగుతుండగా అమ్మాయి తండ్రి కారు కొన్నారు.

కారు ఎర్రది. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. స్పీడు ముల్లు రెండు వందల ఎనభై దాకా పోగలదు. ఆయన ఇంటికీ ఆయన బట్టల షాపుకీ మధ్య దూరం కిలోమీటరున్నర, దారిలో తొమ్మిది స్పీడు బ్రేకర్లు. ముల్లు ఇంతవరకు ఇరవై రెండు దాటిన దాఖలా లేదు. మిగిలిన రెండు వందల యాభై ఎనిమిదీ పరువు కోసం ఉంచుకున్నారు.

మొదటిసారి బంకుకు వెళ్ళినప్పుడు పక్క సీట్లో కాబోయే వియ్యంకుడు కూర్చున్నారు. ఆయనది మందుల షాపు. బంకులో పనిచేసే మనిషి అలవాటుగా అడిగాడు, "మామూలుదా సార్, ప్రీమియమా?"

"ప్రీమియం" అన్నారు బట్టల షాపాయన.

"మామూలుది చాలు" అన్నారు మందుల షాపాయన.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. బట్టల షాపాయన ముప్పై ఏళ్లుగా "చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయమ్మా, కట్టుకుంటే తెలుస్తుంది" అని చెప్పి బతికినవారు. మందుల షాపాయన అన్నేళ్లూ "పేరే వేరు, లోపలి మందు ఒకటే" అని చెప్పి పేరు తెచ్చుకున్నవారు. ఇద్దరూ తమ జీవితాన్ని ఆ ట్యాంకులో పోయించుకోవాలనుకున్నారు. వెనక పదకొండు వాహనాలు హారన్లు కొడుతుంటే వాదన గంటన్నర సాగింది. చివరికి మందుల షాపాయన కారు దిగి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. కారు కంటే ముందే చేరారు.

మర్నాడు ప్రకటనలు వెలువడ్డాయి. మామూలుదే చాలని ఒప్పుకునేదాకా పెళ్లి తేదీ మాటెత్తవద్దన్నారు ఒకరు. ప్రీమియమే దిక్కని ఒప్పుకునేదాకా తమ గడప తొక్కవద్దన్నారు ఇంకొకరు.

వీధి వెంటనే రెండు వర్గాలైంది. ప్రీమియం పోయించాక తన పాత స్కూటరు హారను తియ్యగా మోగుతోందని ఒకాయన వాంగ్మూలమిచ్చారు. మామూలు పెట్రోలుతో పోయే కార్లకే మన్నిక ఎక్కువని, జన్మలో సైకిలు కూడా తొక్కని ఒకాయన అనుభవం మీద చెప్పారు. ఆక్టేన్ అనే మాటను అందరూ వాడారు. అదేమిటని అడిగేంత మర్యాద తెలియనివాళ్ళు మా వీధిలో లేరు.

సంక్షేమ సంఘం కార్యదర్శిగా నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పదకొండుమందితో ఇంధన నిర్ణాయక సంఘం వేశాను. నిష్పక్షపాతంగా ఉండాలని, ఇంజన్ల గురించి కాస్తయినా తెలిసినవాళ్ళెవరూ అందులో ఉండకూడదని నిబంధన పెట్టాను. ఆ నిబంధనకు సభ్యులందరూ సులభంగా తూగారు. పెళ్లికూతురు ఒక్కతే అనర్హురాలైంది. ఆమె కార్ల వర్క్‌షాపులో హెడ్ మెకానిక్. తొమ్మిదేళ్లుగా ఇంజన్లు విప్పి బిగించడమే పని.

ఆమె మొదట్లోనే తండ్రితో చెప్పింది. "నాన్నా, పెట్రోలు మూత తియ్యి. తలుపు లోపల రాసి ఉంటుంది."

"నువ్వుండమ్మా, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం కదా" అన్నారు తండ్రి.

ఇలా మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన చెవిన వేసుకోలేదు. పెళ్లికొడుకుది కళ్ళజోళ్ళ షాపు. జనం చేత అక్షరాలు చదివించడమే అతని వృత్తి. తండ్రులిద్దరి కళ్ళజోళ్ళూ అతను చేసిచ్చినవే. తన పనిలో ఏదో లోపముందని అతను కుమిలిపోయాడు. పని ముగిశాక అమ్మాయీ అబ్బాయీ బస్టాపు బెంచీ మీద దిగాలుగా కూర్చుంటే, సంఘం కార్యదర్శిని కాకపోతే నాకు జాలేసేది.

నాలుగు నెలల తర్వాత, కారు చుట్టూ కుర్చీలు వేసి తుది సమావేశం జరిపాం. సంఘం నలభై ఆరు పేజీల నివేదిక సమర్పించింది. సారాంశం, విషయం లోతుగా పరిశీలించాల్సి ఉందని. చప్పట్లు మోగుతుండగా అమ్మాయి వర్క్‌షాపు నుంచి నేరుగా వచ్చింది. చేతుల నిండా గ్రీజు. కుర్చీలు జరుపుకుంటూ వెళ్ళి, కారు వెనక చిన్న తలుపు తెరిచి, అందరికీ వినిపించేలా చదివింది.

"తొంభై ఒకటి ఆక్టేన్ చాలు. తొంభై అయిదైతే మేలు."

తర్వాత తలెత్తి చెప్పింది. "తొంభై ఒకటంటే మామూలుది. నిక్షేపంగా నడుస్తుంది మావయ్యగారూ. తొంభై అయిదు ప్రీమియం. దాంతో ఇంకాస్త బాగా లాగుతుంది నాన్నా. మీరిద్దరూ చెప్పింది నిజమే. ఇక తేదీ పెట్టండి."

సభ నిర్ఘాంతపోయింది. ఇద్దరూ గెలిస్తే ఓడిందెవరు? నాలుగు నెలల శ్రమకు ఇదా ఫలితం?

"బావగారూ, మనం ఇంతకాలం మాట్లాడిందంతా ఈ పిల్ల అర నిమిషంలో తేల్చిపారేసింది" అన్నారు మందుల షాపాయన.

"అదే బావగారూ నా బాధ కూడా" అన్నారు బట్టల షాపాయన, ఆయన చెయ్యి పట్టుకుని.

ఆ చేతులు అలా కలవడం చూసి నా కళ్ళు చెమర్చాయి. అనుమతి లేకుండా మూత తెరిచినందుకు అమ్మాయిని అభిశంసిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించాం. తేదీ మాత్రం పెట్టలేదు. ఎందుకంటే, టైర్లలో మామూలు గాలి కొట్టించాలా, నైట్రోజనా అని అక్కడే ఎవరో అడిగారు.

ఆ పిల్లలకు ఓపిక నశించింది. వారం తర్వాత ఇంటింటికీ కార్డు పంచారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. కళ్ళ పరీక్ష బోర్డు మీద మొదటి వరుస ఎంత ఉంటుందో అంత పెద్ద అక్షరాలతో అచ్చువేయించాడు పెళ్లికొడుకు. కార్డు అందంగా ఉందని అందరం మెచ్చుకుని జేబులో పెట్టుకున్నాం.

తండ్రులిద్దరూ పంతం వదిలి బయల్దేరారు. పిల్లలు కదా, కడుపు తీపి ఎక్కడికి పోతుంది? వేళ దగ్గర మాత్రం చిన్న చర్చ వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లిళ్లు పొద్దున జరుగుతాయన్నారు ఒకరు. ఎప్పుడైనా సాయంత్రమేనన్నారు మరొకరు. చర్చ ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది. ఇరవై రెండు వేగంతో మేము చేరేసరికి అయిదైంది. గేటుకు తాళం.

"పొద్దున పదకొండింటికే అయిపోయిందండీ" అన్నాడు వాచ్‌మన్. "పెద్దవాళ్ళెవరూ లేకపోతే పెట్రోలు బంకాయన సాక్షి సంతకం పెట్టాడు. ఆ అమ్మాయి చాలాసేపు ఈ గేటు దగ్గరే నిలబడిందండీ, ఎర్ర కారు వస్తుందేమో అని. వేళ కార్డులో వెయ్యలేదాండీ?"

ఇద్దరు తండ్రులూ జేబులు తడుముకున్నారు. ఇరుకైన వెనక సీట్లో నేనూ తడుముకున్నాను. నా జేబులోనూ కార్డు ఉంది.

మమ్మల్ని చూసి నవ్వుకుంటున్న పాఠక మహాశయులకు ఒక మనవి. మీ బండి పెట్రోలు మూత లోపల ఏం రాసి ఉందో చెప్పగలరా? పోనీ, తడుముకోకండి. ఏ పెట్రోలు మంచిదో చెప్పండి చాలు. అది మీకు కచ్చితంగా తెలిసే ఉంటుంది.