దివాణాన్ని నిటారుగా నిలబెట్టినవాణ్ని నేనే

పాత మేడల్ని కాపాడాలంటే మనం ముందుగా చేయవలసిన పని ఒకటుంది. వాటి దగ్గరికి వెళ్లకపోవడం!

నవ్వకండి. ఆరేళ్ల అనుభవంతో చెబుతున్నాను. వెళ్తే ఏముంటుంది? గబ్బిలాల కంపు, కాళ్లకి పల్లేరుకాయలు, గోడల నిండా ప్రేమికుల పేర్లు. పైగా కాపలావాడు వచ్చి ఎవరు బాబూ మీరని ఆరా తీస్తాడు. అదే ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, మేడ ఫొటోని కంప్యూటర్లో నాలుగింతలు పెద్దది చేసి చూశారనుకోండి, ఈ బాధలేవీ ఉండవు. మేడ కూడా కనబడదు. చుక్కలు కనబడతాయి. ఆ చుక్కలు బాగుంటే మేడ బాగున్నట్టే.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ? పేరు జగన్నాధం. విజయనగరంలో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. అది పొట్టకూటి కోసం. నా అసలు హోదా వేరు. పాత కట్టడాల ఫొటోలను ఇంటర్నెట్లో పరీక్షించి, నచ్చితే ‘నాణ్యమైనది’ అని ముద్ర వేసే ఒక బృందంలో నేను న్యాయనిర్ణేతని. జీతం లేదు. ఎవరి టీ వాళ్లే తాగాలి. కానీ ఆ అధికారం ఉంది చూశారూ! ఆఫీసులో నా సంతకం పైన సూపరింటెండెంటు సంతకం, ఆయన సంతకం పైన మరొకరిది. ఇక్కడ నేను ‘తిరస్కరించడమైనది’ అని రాస్తే పైన ఎవరూ లేరు.

ఈ ఆరేళ్లలో నేను తిరస్కరించని కట్టడం మన ఉత్తరాంధ్రలో లేదంటే నమ్మండి. బొబ్బిలి కోటని తిరస్కరించాను. ఫొటోలో ఎడమ మూల ఒక మేక సగమే ఉంది. మేకని పూర్తిగా పెట్టండి, లేదా పూర్తిగా తీసెయ్యండి అన్నాను. శ్రీముఖలింగం గుడిని రెండుసార్లు తిప్పి పంపాను. అన్ని వందల ఏళ్ల నాటి రాయి అయితే మాత్రం? నీడలో నాయిస్ ఉంది, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు! రాతిలో నాయిస్ ఏమిటని మా ఆవిడ నారాయణమ్మ అడిగింది. ఇవి సామాన్యులకి అర్థమయ్యే విషయాలు కావని చెప్పి లోపలికి పంపేశాను.

మా మేనకోడలి పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకి, పెళ్లికొడుకు తలలోంచి పందిరి గుంజ మొలిచినట్టు నా కెమెరాలో కనబడింది. రెండడుగులు జరగమన్నాను. పాపం, జరిగాడు. ఆ జరగడంలో మంగళసూత్రం వెళ్లి ముత్తయిదువ చేతిలో పడింది. అటువైపు వాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది.

ఇవన్నీ చిన్న విజయాలు. నా జీవితంలోకెల్లా పెద్ద విజయం నీలాద్రివలస దివాణం.

నీలాద్రివలసలో పూర్వం ఒక చిన్న జమీందారు కట్టించిన రెండంతస్తుల మేడ అది. ఊళ్లో అందరూ దివాణం అంటారు. జమీందారీ పోయింది, జమీందారు పోయాడు. చివరికి కింద రెండు గదుల్లో ప్రాథమిక పాఠశాల మిగిలింది. ముప్పైనలుగురు పిల్లలు, ఒకే ఒక్క టీచరు. ఆవిడ పేరు జ్ఞానసుందరి. హుద్‌హుద్ తుఫానుకి దివాణం పడమటి గోడ బయటికి ఒరిగింది. ఆ తరవాత రెండేళ్లపాటు మెల్లిగా ఒరుగుతూనే ఉంది. ఆ గోడ పక్కనే రెండో తరగతి కూర్చుంటుంది. పిల్లల్ని వేరేచోటికి మార్చాలని టీచరు ఫొటోతో సహా అర్జీ పెట్టుకుంది. అర్జీ తిరిగొచ్చింది. ‘ఫొటో స్పష్టముగా లేదు. నాణ్యమైన ఫొటో జతపరచవలెను’ అని దానిమీద రాసి ఉంది.

నాణ్యత కావాలంటే ఎక్కడికి రావాలి? మా దగ్గరికే!

2016 జులైలో ఆవిడ మళ్లీ ఫొటో తీసి మా బృందానికి పంపింది. నేనే పరీక్షించాను. ఏం చెప్పమంటారు? గోడ ఎడమవైపుకి వాలి ఉంది. అది చాలనట్టు గోడ పక్కన పైనించి కిందికి ఒక దారం, దారం చివర ఇనపగుండు. ఒక్క ఫొటోలో ఇన్ని దోషాలు నేనెప్పుడూ చూడలేదు. ‘కెమెరా వంకరగా పట్టుకున్నారు. తిరస్కరించడమైనది’ అని రాశాను.

ఆవిడ నా నంబరు సంపాదించి ఫోను చేసింది.

“కెమెరా తిన్నగానే ఉన్నాదండి. గోడే ఒరిగిపోయింది” అంది.

కొత్తగా ఫొటోలు తీసేవాళ్లందరూ ఇలాగే తమ తప్పుని కట్టడం మీదకి నెట్టేస్తారని ఓపిగ్గా చెప్పాను. ఆవిడ దారం సంగతి ఎత్తింది. ఎల్లాజీ అనే తాపీమేస్త్రి కట్టాడట, గోడ ఎంత ఒరిగిందో దాన్నిబట్టి తెలుస్తుందట. దారం దృష్టికి అడ్డంగా ఉందమ్మా, ముందు అది తీయించండి అన్నాను. ఆవిడ దారం సంగతి వదిలేసి, పిల్లలు ఆ గోడ పక్కనే కూర్చుంటారండీ అంది. నాదేమీ పాషాణ హృదయం కాదు. కరిగిపోయాను. ఫొటోని నేనే బాగుచేసి ముద్ర వేస్తానని మాట ఇచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నాను. ఫొటో మూలని మౌసుతో పట్టుకుని కుడివైపుకి లాగాను. గోడ కదిలింది! ఇంకాస్త లాగాను. లేచింది! నలభై నిమిషాల్లో దివాణం నిటారుగా నిలబడింది. అంత పెద్ద తుఫాను వంచిన గోడని, ఒక్క సిమెంటు బస్తా లేకుండా, ఒక్క కూలీ లేకుండా లుంగీ కట్టుకుని కూర్చున్న మనిషి నిలబెట్టాడంటే మాటలా?

కానీ ఒక చిక్కొచ్చింది. గోడ తిన్నబడేసరికి, అంతదాకా తిన్నగా ఉన్న దారం పక్కకి వాలిపోయింది. గుండు గాలిలో తేలుతోంది. భూమ్మీద ఏ గుండూ అలా వేలాడదని బీఎస్సీ చదివిన నాకు తట్టొద్దూ? తట్టింది. అందుకే దారాన్ని చెరిపేశాను.

ముద్ర పడింది. ఆ తరవాత జరిగిందంతా నా అదృష్టం. ఆ ఫొటోని మా బృందం ఆ నెలలోకెల్లా ఉత్తమ చిత్రంగా ఎన్నుకుంది. ఆగస్టులో ఎవరో వారసత్వ వారోత్సవం జరిపితే అక్కడ దాన్ని తలుపంత పెద్దది చేసి పెట్టారు. కింద ‘ఫొటో: జ్ఞానసుందరి, సవరణ: జగన్నాధం’ అని రాశారు. బడి ఉన్న రోజు కావడంతో టీచరు రాలేదు. శాలువా ఇద్దరి తరఫునా నేనే కప్పించుకున్నాను. సభ అయ్యాక ఫొటోకి ఫ్రేము కట్టించి ఒక ఆఫీసుకి బహూకరించారు. టీచరు అర్జీ పెట్టుకున్నది సరిగ్గా ఆ ఆఫీసులోనే.

ఆవిడ రెండో అర్జీ అధికారిగారి బల్ల మీదకి వచ్చింది. ఆయన చదివి తలెత్తాడు. ఎదురుగా గోడ మీద ఫ్రేములో దివాణం, సైనికుడిలా నిలబడి ఉంది. ఆయన తప్పేముంది చెప్పండి? ‘నాణ్యత ధ్రువీకరించబడిన ఫొటో ప్రకారము గోడ నిటారుగా ఉన్నది. తరలింపు అవసరము లేదు’ అని రాశాడు.

సెప్టెంబరు వానలు పట్టుకున్నాయి. టీచరు ఇక ఎవరినీ అడగలేదు. నల్లబల్ల, పలకలు, గంట మోయించుకుని పిల్లల్ని బాప్టిస్టు చర్చి వరండాలోకి మార్చేసింది. వెంటనే మెమో వచ్చింది: సురక్షితమైన భవనమును వదిలి, అనుమతి లేకుండా పాఠశాలను ఏల మార్చితిరి?

పన్నెండో రోజున, మంగళవారం పొద్దున్న పదిన్నరకి, పడమటి గోడ కూలింది. రెండో తరగతి కూర్చునే చోట ఎత్తుగా రాళ్లూ సున్నమూ పడ్డాయి. ఆ సమయానికి రెండో తరగతి చర్చి వరండాలో ఎక్కాలు చదువుతోంది.

ఇక మెమో రద్దయిపోతుందనుకుంటున్నారా? మీకు ఆఫీసుల సంగతి తెలియదన్నమాట. రెండో మెమో వచ్చింది. నిటారుగా ఉన్న గోడ దానంతట అది పడదు కదా! ‘తమరు ఖాళీ చేసిన పన్నెండవ దినముననే గోడ పడుటకు గల కారణమేమి? పునాది వద్ద ఎవరైనా తవ్విరా? శుక్రవారం లోపల సంజాయిషీ ఇవ్వనిచో ఉద్యోగమునుండి సస్పెండ్ చేయబడుదురు.’

ఆ మెమో పట్టుకుని టీచరు మా ఇంటికి వచ్చింది. కూడా ఎల్లాజీ మేస్త్రి ఉన్నాడు. ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది. ఫొటోలో గోడని తిన్నగా చేసింది మీరేనని ఒక్క ఉత్తరం రాసివ్వండి చాలు, నా ఉద్యోగం నిలబడుతుంది అంది.

నేను ఆలోచించాను. ఉత్తరం రాస్తే ముద్ర పోతుంది, ఉత్తమ చిత్రం పోతుంది, న్యాయనిర్ణేత పదవి పోతుంది. చూద్దాంలెండి అన్నాను. ఆఫీసులో ముప్పై ఏళ్లుగా నేను అందరికీ చెప్పే జవాబు అదే.

ఎల్లాజీ సంచీలోంచి దారం చుట్టిన గుండు తీసి, మా ముందుగది గుమ్మం పక్కన పైనించి వదిలాడు. గుండు కాస్త ఊగి ఆగింది. మా గోడ కూడా వేలెడు ఒరిగే ఉంది. ఆరేళ్లుగా ఆ గోడకి ఆనుకునే నేను ఊరివాళ్ల మేడలకి తీర్పులు చెబుతున్నాను.

“గోడ ఒరిగిపోనాదని సెప్తే ఎవులూ నమ్మనేదు బాబూ. అందుకే ఈ దారం కట్టి ఫొటో తీయించినాను. మీరు దాన్నెందుకు సెరిపేసేరు?” అన్నాడు.

కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. దృష్టికి అడ్డంగా ఉందని మళ్లీ చెబుదామనుకున్నాను. కానీ నాకు సిగ్గేసింది. ఆ మంగళవారం ఆవిడ నా ఫొటోని నమ్మి ఉంటే రెండో తరగతి ఆ రాళ్ల కింద ఉండేది. ఆవిడ నమ్మింది దారాన్ని.

అందుచేత ఈ పత్రికలో వారంవారం నేను రాసే ఈ శీర్షికే ఈసారి ఆ ఉత్తరం. అయ్యా, అధికారిగారూ! గోడ ఒరిగింది. టీచరు చెప్పింది నిజం. పునాది దగ్గర ఎవరూ తవ్వలేదు. తవ్విందల్లా నేనే, కంప్యూటర్లో. గోడని లాగింది నేను, దారాన్ని చెరిపింది నేను. సాక్ష్యానికి ఆవిడ మొదట పంపిన అసలు ఫొటోని, దారంతో సహా, ఇదే సంచిక రంగుల పేజీలో వెయ్యమని పత్రికవారికి పంపించాను.

ఇంతదాకా రాసి తృప్తిగా టీ తాగుతుంటే పత్రికాఫీసు నుంచి ఫోను వచ్చింది. పేజీలు పెట్టే కుర్రాడు కాదు, పదిహేనేళ్ల అనుభవమున్న పెద్దమనిషి. రంగుల పేజీ అచ్చయిపోయిందని చెప్పి, “ఫొటోలో మేడ వంకరగా వచ్చింది సార్, తిన్నగా చేసి వేసేశాం. ఏదో దారం అడ్డమొస్తే అదీ తీసేశాం. ఇప్పుడు క్వాలిటీ చాలా బాగుంది” అన్నాడు.

నాకు మిగిలింది ఈ నాలుగు వాక్యాల చోటే. కాబట్టి పాఠకులకి ఒక మనవి. రంగుల పేజీలో దివాణం నిటారుగా కనబడితే, దయచేసి పేపరుని కాస్త ఎడమవైపుకి వంచి పట్టుకోండి. శుక్రవారం లోపల అధికారిగారు ఎవరికైనా ఎదురుపడితే, ఆయనకి కూడా అలాగే వంచి చూపించండి.